వంకాయ రంగైన బూడిద రంగు: నిజాంపేటలో ఒక హాలు కేస్ స్టడీ

కనుమ వెళ్లిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "అమ్మా, మీరొకసారి వచ్చి చూడాలి. మేం బూడిద రంగు వేయించాం, గోడెక్కాక వంకాయ రంగయింది" అన్నారు ఆంటీ. షాపువాళ్లు తప్పు కలిపారని ఆవిడ అనుమానం. పెయింటర్ డబ్బా మార్చాడని అంకుల్ అనుమానం. పండక్కి ముందు లక్షకు దగ్గరగా ఖర్చు పెట్టి రంగులు వేయించుకుని, పండగంతా వచ్చినవాళ్లకు "అది ఊదా కాదండీ, గ్రే" అని చెప్పుకోవాల్సి వచ్చిందట.

నేను ఇంటీరియర్ పని చేస్తాను. అందులో ఎక్కువ కాలం గడిచేది ఇలాంటి గోడల ముందే. మెరూన్, నీలం లాంటి ముదురు రంగులతో పెద్దగా ఇబ్బంది రాదు. ఎలా ఉంటాయో చూసేవాడికి ముందే తెలుసు. తిప్పలు పెట్టేవి ఏ రంగూ కానట్టు కనిపించే న్యూట్రల్ షేడ్లే. ఈ ఇల్లు దానికి మంచి ఉదాహరణ. నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను.

నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తు, మూడు బెడ్‌రూముల ఫ్లాట్, కట్టి పన్నెండేళ్లయింది. తూర్పు గుమ్మం. హాలు, డైనింగ్ కలిసి ఎల్ ఆకారం. హాలుకు పడమర బాల్కనీ. డైనింగ్‌కి ఉత్తరాన ఒకే కిటికీ, దానికి పన్నెండడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. ఆ గోడకు ఇటుక రంగు వేసి ఉంది. కింద ఐవరీ విట్రిఫైడ్ టైల్స్. గుమ్మం టేకు, లోపలి తలుపులు ముదురు గోధుమ రంగు లామినేట్. సోఫా బ్రౌన్. అంతకుముందు గోడలన్నీ పిస్తా ఆకుపచ్చ, టీవీ గోడ ఒక్కటి మెరూన్ టెక్స్చర్. అప్పట్లో ప్రతి ఇంట్లో ఒక గోడకి ఆ టెక్స్చర్ ఉండేది కదా, అదే.

డాలస్‌లో ఉన్న అబ్బాయి తన ఇంటి ఫొటో పంపి, ఇలాంటి రంగు వేయించండి అన్నాడు. గ్రేకీ బీజ్‌కీ మధ్యలో ఉండే రంగు, గ్రేజ్ అంటారు. అంకుల్ ఆ ఫొటో షాపులో చూపించి, షేడ్ కార్డులో దానికి దగ్గరగా కనిపించిన గ్రే ఎంచుకున్నారు.

ముందు డబ్బా చూశాను. అడుగున కాస్త మిగిలి ఉంది. ఒక తెల్ల బోర్డు ముక్క మీద రాసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, షేడ్ కార్డు ముక్క పక్కన పెట్టాను. ఎమల్షన్ తడిమీద తేలిగ్గా కనిపించి ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి ఆరకుండా తేల్చకూడదు. ఆరాక రెండూ ఒకటే. షాపుదీ తప్పు లేదు, పెయింటర్‌దీ తప్పు లేదు. కార్డులో ఉన్న రంగే గోడ మీదా ఉంది. అంకుల్‌కి ఇది మింగుడు పడలేదు. "మరి ఊదాగా ఎందుకుందమ్మా?" అన్నారు.

దీనికి జవాబు వాళ్లకు తెలిసిన పాత అలవాటు నుంచే చెప్పాను. పాతరోజుల్లో సున్నం వేసేటప్పుడు అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు గుర్తుందా ఆంటీ అని అడిగాను. ఉంది. పంచెలకీ పెట్టేవాళ్లం అన్నారు. సున్నంలో నీలం కనిపించేది కాదు, తెలుపు తెల్లగా కనిపించేది. అంటే లోపల ఒక రంగు దాక్కుని ఉంటుంది, అది విడిగా కనపడదు, పని మాత్రం చేస్తుంది. మేం దాన్ని అండర్‌టోన్ అంటాం. ఏ న్యూట్రల్ తీసుకున్నా పసుపో, గులాబీయో, పచ్చో, నీలమో, ఊదానో ఒకటి లోపల ఉంటుంది. షాపులో మెషీన్ మీద తెల్ల బేస్‌లో చుక్కలు చుక్కలుగా కలిపేవి నల్లది, పసుపు ఆక్సైడు, ఎర్ర ఆక్సైడు లాంటి కలరెంట్లే. వాటి పాళ్లు కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి, అడిగితే చూపిస్తారు. తెల్ల బేస్‌లో నల్లది ఎక్కువ పడి, పసుపు పెద్దగా లేకపోతే వచ్చే గ్రే మామూలుగా నీలం వైపు ఒరుగుతుంది. వీళ్లది సరిగ్గా అలాంటిదే.

ఆ ఒరుగుని ఊదా చేసింది కింది టైలు. ఐవరీ అంటే లేత పసుపు. పసుపు పక్కన గ్రే పెడితే కన్ను ఆ గ్రేలో పసుపుకు ఎదురైన రంగు వెతుక్కుంటుంది, నీలం, ఊదా కనిపిస్తాయి. ఇదేం కొత్త సంగతి కాదు. రెండువందల ఏళ్ల కిందట పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్లదారం సరిగా అద్దడం లేదని నేతవాళ్లు ఫిర్యాదు చేస్తే పరీక్షించాడు. అద్దకం బాగానే ఉంది. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు అలా కనిపిస్తోందని తేల్చి, 1839లో పుస్తకమే వేశాడు. మా అంకుల్ ఫిర్యాదు కూడా అదే, దారం బదులు గోడ.

మూడోది లైటు. హాల్లో నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులూ 6500 కెల్విన్‌వి, అంటే డబ్బా మీద కూల్ డేలైట్ అని రాసి ఉండే నీలితెలుపు. పొద్దున పూట కూడా హాలుకు పడమటి ఆకాశం వెలుగే తప్ప ఎండ పడదు. ఆకాశం వెలుగు నీలం. రాత్రీ పొద్దునా నీలమే పడితే నీలం వైపు ఒరిగిన గ్రే ఇంకేం చేస్తుంది? సాయంత్రం నాలుగున్నర, ఐదున్నర మధ్య ఒక్కటే బాల్కనీలోంచి బంగారు ఎండ వస్తుంది. ఆ గంటలో గోడ నిజంగానే అందంగా ఉంది. అడిగితే తెలిసింది, శాంపిల్ ముక్క గోడ మీద కొట్టి చూసింది కూడా ఓ సాయంత్రం ఐదింటికేనట.

డైనింగ్‌లో కథ వేరు. అక్కడ మధ్యాహ్నం గోడ ఊదా కూడా కాదు, బురదపట్టిన గులాబీలా ఉంది. ఎదుటి ఇటుక రంగు గోడ మీద ఎండ పడి, ఆ ఎర్రటి వెలుగు కిటికీలోంచి లోపలికి వస్తోంది. ఉత్తరపు గదిలో వెలుగు చల్లగా, నీలంగా ఉంటుందని ఇంటర్నెట్‌లో చదివి వచ్చేవాళ్లు చాలామంది. లండన్‌లోనో డాలస్‌లోనో అది నిజం. మన దగ్గర లెక్క మారుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందికి వెళ్లిపోతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. మిగతా తొమ్మిది నెలలు దక్షిణంగా ఉంటాడు. వీళ్లకు కనిపించే పక్క అపార్ట్‌మెంట్ గోడ దక్షిణ ముఖం. కాబట్టి ఆ తొమ్మిది నెలలూ మధ్యాహ్నం అది ఎండలో కాలుతూ ఇటుక రంగు వెలుగు ఇటు విసురుతుంది. వీళ్ల ఫ్లాట్ పై అంతస్తు కావడం వల్ల ఇంకా ఎక్కువ. రెండో అంతస్తులో ఉంటే ఈ అపార్ట్‌మెంట్ నీడే ఆ గోడ మీద పడి చలికాలంలో బాధ ఉండేది కాదు. అపార్ట్‌మెంట్లు భుజాలు ఆనించుకుని నిలబడే మన ఊళ్లలో పక్కవాడి గోడ కూడా మన షేడ్ కార్డులో ఒక పేజీయే.

ఇంతవరకూ రోగం తేలింది. అబ్బాయి వీడియో కాల్‌లో డాలస్ ఇల్లు తిప్పి చూపించాడు. కింద బ్రౌన్ చెక్క ఫ్లోరు, పైన పసుపు బల్బులు. రంగు చక్కగానే ఉంది. వాట్సాప్ ఫొటో చూసి రంగు ఎంచుకోవద్దని నేను మొత్తుకునేది ఇందుకే. ఫోను తన లెక్క ప్రకారం తెలుపును సరిచేసుకుంటుంది, మనం చూసేది గోడ కాదు, ఫోను అభిప్రాయం.

నా నోట్‌బుక్‌లో ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంటుంది. ఒక పక్క "మారనివి", రెండో పక్క "మార్చగలిగేవి". గోడ రంగు ఆ రెండిటి తర్వాతే. వీళ్ల పేజీలో మారనివి కింద ఎదుటి ఇటుక గోడ, ఐవరీ టైల్స్, టేకు గుమ్మం, సోఫా రాసుకున్నాను. సోఫా మారుద్దామా అంటే ఆంటీ నావైపు చూసిన చూపుకే రాసేశాను. మార్చగలిగేవి కింద కర్టెన్లు, ట్యూబులు. అంతే. వాస్తు సంగతి కూడా అడిగారు. వాళ్ల సిద్ధాంతిగారు లేత రంగైతే చాలన్నారట, అక్కడితో ఆ టెన్షన్ తీరింది.

టైలు లోపలి రంగు పట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం దాని మీద పెట్టి చూస్తాను. ప్రింటర్‌లో వాడే ఏ4 కాగితం కాస్త నీలంగానే ఉంటుంది, తెల్లదనం కోసం బ్రైటెనర్లు వేస్తారు. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే చాలు. విడిగా చూస్తే తెల్లగా కనిపించే టైలు, కాగితం పక్కన గంజిలా పసుపుగా తేలింది. ఆంటీ అయితే "ఇన్నాళ్లూ ఇది తెలుపనుకున్నా" అన్నారు.

మూడు షేడ్లు తీసుకున్నాను, లీటరు డబ్బాలు. కోడ్ నంబర్లు ఇక్కడ ఇవ్వను. ఇస్తే చదివినవాళ్లు ఆ నంబరు పట్టుకుని నేరుగా షాపుకు వెళ్తారు. వీళ్లు డాలస్ ఫొటో పట్టుకుని వెళ్లినట్టే అవుతుంది అది.

మొదటిది, ఏ, మీగడ రంగు, లోపల పసుపు. రెండోది, బీ, గంధం రంగు, లోపల గులాబీ. మూడోది, సీ. దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆంటీయే చెప్పారు, విభూతిలో చిటికెడు పెసరపిండి కలిపినట్టుందని. గ్రే, లోపల ఆకుపచ్చ. మూడూ లేతవే. వెలుగును ఎంత వెనక్కి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది, నలుపు సున్నా, తెలుపు వంద. ఒకే కిటికీ ఉన్న గదికి అది అరవై దాటేలా చూసుకుంటాను. కంపెనీవాళ్లు అంకె ఇస్తే చూస్తాను, ఇవ్వకపోతే కన్నే కొలత.

శాంపిల్ గోడ మీద కొట్టను. చుట్టూ ఉన్న పాత రంగు దాన్ని చెడగొడుతుంది, ఇక్కడైతే ఊదా మధ్యలో ఏం కొట్టినా పసుపుగా కనిపిస్తుంది. రెండడుగుల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ షీటు) ముక్కలు కోసి, అంచున అంగుళం తెలుపు వదిలి, రెండు కోట్లు వేయిస్తాను. ఒక్కో షేడ్‌కీ రెండు బోర్డులు. వాటిని గది మూలలో సగం తెరిచిన పుస్తకంలా నిలబెట్టాలి. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి చిక్కబడుతుంది. కార్డు ముక్కలో అది తెలియదు, మూలలో పెట్టిన రెండు బోర్డుల మధ్య తెలుస్తుంది.

మూడు రోజులు వాళ్లింట్లోనే ఉంచాను. పొద్దున ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఐదు, రాత్రి ట్యూబులు వేశాక. నేను రెండుసార్లు వెళ్లాను, మిగతావి అంకుల్ రాసిపెట్టారు. రిటైరైన లెక్చరర్, రాత చూస్తే ప్రాక్టికల్ రికార్డులా ఉంది. "ఏ, సా. 5: వెన్న. టైలు మురికిగా కనిపించుచున్నది." అదే జరిగింది. గోడ పసుపు పెరిగేసరికి దానికన్నా తక్కువ పసుపున్న టైలు వెలిసిపోయినట్టయింది. ఏ అక్కడే పోయింది.

బీ ఆంటీకి నచ్చింది. హాల్లో అన్ని వేళలా బాగుంది, టేకు గుమ్మంతో కలిసిపోయింది. డైనింగ్‌లోకి తీసుకెళ్లి మధ్యాహ్నం కిటికీ పక్కన పెడితే నాటుకోడి గుడ్డు పెంకులా ఎర్రబారింది. ఉన్న గులాబీకి ఇటుక వెలుగు తోడైంది. హాలుకి బీ, డైనింగ్‌కి వేరేది వేద్దామా అన్నారు. రెండిటి మధ్యా గోడే లేదు. ఒక రంగు ఎక్కడ ఆపాలి? దూలం కింద గీత గీసినట్టు ఆగుతుంది, బాగోదు.

సీ పొద్దున కాస్త చప్పగా, సాయంత్రం చాలా బాగా ఉంది. డైనింగ్‌లో మధ్యాహ్నం మాత్రం ఆశ్చర్యం. లోపలి పచ్చ, ఇటుక ఎరుపును మింగేసింది. బోర్డు ఏ రంగూ లేనట్టు నిమ్మళంగా నిలబడింది. కానీ రాత్రి ట్యూబులు వేయగానే అంకుల్ రికార్డులో రాసిన మాట: "సీ, రా. 8: కామెర్ల రోగి." నిజమే. 6500 కెల్విన్ కింద ఆ పచ్చ పైకి తేలి గోడకు జబ్బు చేసినట్టుంది.

ఇక్కడే నిర్ణయం తీసుకున్నాం. బీని చెడగొట్టేది ఎదుటి గోడ, అది మన చేతిలో లేదు. సీని చెడగొట్టేది మన ట్యూబు, అది మార్చుకోగలం. నేను సీ అన్నాను. పసుపు లైట్లు పెడితే హాలు ఫంక్షన్ హాలులా ఉంటుందనీ, పేపరు కనపడదనీ ఇద్దరూ అభ్యంతరం. పేపరు కనపడటం ల్యూమెన్ల పని, అంటే వెలుగు ఎంతన్నది; వెలుగు రంగు కెల్విన్ల పని, రెండూ వేరు అని చెప్పి, బాగా పసుపుగా ఉండే 3000 కాకుండా మధ్యలో ఉండే 4000 కెల్విన్ ట్యూబులు, అంతే ల్యూమెన్లవి, రంగుల్ని నిజంగా చూపించే సీఆర్‌ఐ 90 ఉన్నవి నాలుగు తెప్పించాను. ఒక రాత్రి రెండు పాతవి, రెండు కొత్తవి పక్కపక్కన వెలిగించాం. కొత్తవాటి కింద సీ మామూలు మనిషైంది. ఆంటీ తన చెయ్యి అటు ఒకసారి, ఇటు ఒకసారి పెట్టి చూసుకుని, "ఇక్కడ నా చెయ్యి నా చెయ్యిలా ఉంది" అన్నారు. అంతే, ఖాయమైంది.

పనికి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. కొత్తగా వేసిన గ్రే గట్టిగానే ఉంది కాబట్టి లప్పం, ప్రైమర్ మళ్లీ అక్కర్లేదు. సన్న ఎమెరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, మీద రెండు కోటింగులు. ఖర్చు అక్కడ కలిసొచ్చింది. కావాల్సిన రంగంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపి వాడించాను. డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకంత తేడా ఉన్నా గోడ మధ్యలో అతుకులా కనిపిస్తుంది. నెలలో రెండోసారి రంగులేంటని వాచ్‌మన్ అడిగాడట. "మా ఆవిడకి గ్రే నచ్చలేదు" అని అంకుల్ ఆంటీ మీదకి తోసేశారు.

నా తప్పు టీవీ గోడ దగ్గర. తుడుచుకోవడానికి వీలుగా ఉంటుందని కాస్త మెరుపుండే సాఫ్ట్ షీన్ ఫినిష్ చెప్పాను. మొదటి కోటు పడ్డాక సాయంత్రం ఐదింటికి మేస్త్రీ ఫోన్ చేశాడు, "మేడమ్, ఒకసారి రండి, ఇప్పుడే రండి" అని. వెళ్లేసరికి పడమటి ఎండ బాల్కనీలోంచి టీవీ గోడను రాసుకుంటూ పోతోంది. గోడంతా చెరువు అలల్లా ఉంది. డిసెంబరులో మెరూన్ టెక్స్చర్ మీద హడావుడిగా లప్పం పట్టారు, లప్పం లాగే రేకు జరిగిన జాడలన్నీ అందులో ఉన్నాయి. ఊదా కాలంలో ఎవరూ గమనించలేదు, అప్పటి ఫినిష్‌కి మెరుపు లేదు. నా షీన్ ఆ జాడలన్నిటికీ దీపం పెట్టింది. పని మొదలుపెట్టే ముందు చీకట్లో గోడకు ఆనించి టార్చి వేసి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది. ఎప్పుడూ చేసే పనే, ఆ రోజు చేయలేదు.

ఆ గోడకు మళ్లీ అక్రిలిక్ లప్పం, రుద్దుడు, ప్రైమర్. ఒక గోడ మెరుపులేని మ్యాట్, మిగతావి షీన్ అయితే ఒకే కోడ్ కూడా రెండు రంగుల్లా కనిపిస్తుంది. కాబట్టి రెండో కోటు హాలూ డైనింగూ మొత్తం మ్యాట్‌లో వేయించాం. అదనపు ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. మేస్త్రీ ఒక్క మాట అన్నాడు, "గోడకి అద్దం చూపించకూడదు మేడమ్". మ్యాట్ మీద స్విచ్చుల దగ్గర చేతి మరకలు పడతాయి, వేసవిలో మనవలు వస్తే ఇంకా పడతాయి. అందుకని లీటరు రంగు గట్టిగా మూత పెట్టి దాచమన్నాను. కోడ్, బేస్, తేదీ ఒక చీటీ మీద రాసి కరెంటు ఎంసీబీ స్విచ్చుల డబ్బా తలుపు లోపల అంటించాను. డబ్బా మూత మీద రాస్తే ఐదేళ్లకి తుప్పు తింటుంది, ఫోనులో రాస్తే ఫోనే మారిపోతుంది.

సీలింగ్ మామూలు తెలుపే ఉంచాం. అదే షేడ్‌ని సగం పాళ్లతో కలిపి సీలింగ్‌కి వేయమని కొందరు చెప్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ రేపు టచప్ కావాల్సి వచ్చినప్పుడు ఆ సగం మళ్లీ సరిగ్గా సగంగా రాదు. నేను ఒప్పుకోను.

జూన్‌లో ఇంకో పని మీద అటు వెళ్లి చూశాను. సూర్యుడు ఉత్తరానికి జరిగాడు, ఎదుటి గోడ మధ్యాహ్నం నీడలో ఉంది. డైనింగ్‌లో సీ నేను అనుకున్నదానికన్నా ఒక పిసరు పచ్చగా, చల్లగా కనిపించింది. ఆ ఎండల్లో వాళ్లకి అది హాయిగానే ఉందట. నాకైతే బుర్రలో రాసిపెట్టుకోవాల్సిన సంగతి. మూడు రోజుల బోర్డు పరీక్షలో జనవరి మాత్రమే ఉంది, జూన్ లేదు.

తర్వాతి దీపావళికి ముందు అంకుల్ ఫోన్ చేశారు. "అమ్మా, ఎదురు అపార్ట్‌మెంట్‌కి పరంజాలు కట్టారు. రంగులట." వెళ్లాను. కిటికీలోంచి చూస్తే ఇటుక రంగు మీద సగం వరకూ తెల్ల ప్రైమర్ ఎక్కేసింది. ఏ రంగు వేస్తున్నారని వాళ్ల వాచ్‌మన్‌ని అంకుల్ కేకేసి అడిగితే, "క్రీమ్ అంటున్నరు సార్, ఇంకా మీటింగ్ కాలే" అన్నాడు. నోట్‌బుక్‌లో వాళ్ల పేజీ తీశాను. మారనివి కింద మొదటి లైను ఎదుటి ఇటుక గోడే. అంకుల్ నవ్వుతూ పెన్ను ఇచ్చారు కొట్టెయ్యమని. నేను వెనక్కి తిరిగేసరికి ఆంటీ సోఫా వెనక నుంచి బీ బోర్డు తీసి, దుమ్ము దులిపి, కిటికీ పక్కన నిలబెట్టి చూస్తున్నారు.